నలుగురి కోసం కాకుండా, అప్పు లేకుండా మీ పెళ్లి చేసుకోవడం ఎలా?

"పెళ్లి సింపుల్‌గా చేసుకోవాలని ఉంది. ఇంట్లో మాత్రం నలుగురూ ఏమనుకుంటారు అంటున్నారు. ఏం చేయాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మాఘమాసం, శ్రావణమాసం దగ్గర పడేకొద్దీ ఇంకా ఎక్కువగా అడుగుతారు. అమ్మాయిలు అడుగుతారు, అబ్బాయిలు అడుగుతారు, ఈమధ్య కొందరు తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. అందుకే మొత్తం ఒకచోట వరుసగా రాస్తున్నాను.

"మన కోసం మనం బతకాలి" అని ఊరికే చెబితే ఎవరికీ ఉపయోగపడదు. అది ఎక్కడో ఒకచోట చేసి చూపించాల్సిన పని. ఇల్లు కట్టుకోవడం తర్వాత మన కుటుంబాల్లో పెద్ద ఖర్చు పెళ్లే. అందులో చాలా భాగం చూసేవాళ్ల కోసం పెట్టేదే. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. మీది కులాంతరమో మతాంతరమో అయ్యి, ఇంట్లోవాళ్ల నుంచి ప్రాణభయం ఉంటే ఈ పద్ధతి మీకు సరిపోదు. మాటలతో ఒప్పించే ప్రయత్నాలు ఆపి, ముందు సురక్షితమైన చోటికి చేరండి. 112కు గానీ, మహిళలైతే 181కు గానీ ఫోన్ చేయండి. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2018లో పోలీసులకు స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం
- మీరు పెళ్లి చేసుకోబోయే మనిషితో తీరిగ్గా కూర్చోగలిగే ఒక పూట
- మీ ఇంటి డబ్బు లెక్క, ఉన్నది ఉన్నట్టుగా
- ఇంట్లో ఉంటే, పాత శుభకార్యాల చదివింపుల పుస్తకం
- పెద్దవాళ్లలో మీ పక్షాన మాట్లాడే ఒక్క మనిషి: మేనమామో, పెద్దమ్మో, బాబాయో
- కనీసం మూడు నెలల సమయం. హాలుకు అడ్వాన్స్ కట్టేశాక ఈ పని మొదలుపెడితే సగం దారులు మూసుకుపోయి ఉంటాయి.

1. ఆ "నలుగురు" ఎవరో పేర్లు రాయండి

నలుగురూ ఏమనుకుంటారో అన్న మాటకు అంత బలం రావడానికి కారణం, అందులో పేర్లు లేకపోవడమే. పుస్తకంలో ఒక పేజీ తీసి, ఎవరేమంటారని మీకు భయమో పేరుపేరునా రాయండి. మీ నాన్నగారు ఎవరి గురించి భయపడుతున్నారో కూడా అడిగి రాయండి. ఎంత పెద్ద చుట్టరికం ఉన్నా, మనసు నొప్పించే మాట అనగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే తేలతారు. మిగతావాళ్లు వస్తారు, భోంచేస్తారు, వెళ్తారు. కూర బాగుందో లేదో కూడా వారం తర్వాత వాళ్లకు గుర్తుండదు.

ఒక్కో పేరు పక్కన రెండు విషయాలు రాయండి. ఒకటి, ఈ మనిషి కష్టంలో మనకు నిలబడతాడా? రెండు, ఈయన మాట అంటే నిజంగా మనకు పోయేదేమిటి?

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు జనం మాటకు నిజంగానే శిక్షించే శక్తి ఉండేది. సాయపడినవాళ్లను వెలివేస్తామన్నారు. వంటవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్లు మోసి వండిపెట్టారు. అలాంటి రోజుల్లో వాళ్లు నిలబడ్డారు. ఈరోజు సంగీత్ పెట్టలేదని ఎవరూ మనకు నీళ్లు ఆపరు. ఒక మాట అంటారు, అంతే. ఆ మాట ఖరీదు ఎన్ని లక్షలో మీరే తేల్చుకోవాలి.

2. ముందు మీరిద్దరూ కూర్చోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా అమ్మానాన్నల దగ్గరికి వెళ్లేవాళ్లే ఎక్కువ. మీకు సింపుల్ పెళ్లి ఇష్టం కావచ్చు. అవతలి మనిషికి మేళతాళాలతో, స్నేహితులందరి మధ్య జరగాలని చిన్నప్పటి నుంచి కోరిక ఉండొచ్చు. అది జనం కోసం పుట్టిన కోరికే అని మీరు తీర్పు చెప్పకండి.

ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, పెళ్లిలో తప్పకుండా కావలసినవి మూడు రాయండి. ఒకరు "అమ్మమ్మ ముందు వరసలో కూర్చోవాలి, సన్నాయి ఉండాలి, జీలకర్ర బెల్లం ముహూర్తానికే పడాలి" అని రాయొచ్చు. ఇంకొకరు "అప్పు ఉండకూడదు, మంచి భోజనం, మా ఊళ్లోనే" అని రాయొచ్చు. ఈ ఆరూ మీ పెళ్లికి పునాది. ఇందులో లేనిది ఏదైనా అవసరమైతే తీసేయగలిగినదే.

పరీక్ష ఇలా చేయండి: ఒక్క ఫోటో కూడా తీయరు, ఎవరికీ చూపించలేరు అనుకోండి. అప్పుడు కూడా అది కావాలనిపిస్తే ఉంచండి. ప్రీ వెడ్డింగ్ షూట్, ఎంట్రీకి పొగ, డ్రోన్ లాంటివి ఈ పరీక్షలో వాటంతట అవే పోతాయి. సన్నాయి ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది.

3. లెక్క కాగితం మీద పెట్టండి

చేతిలో ఉన్న డబ్బు ఎంత, తేవాల్సింది ఎంత, దాని మీద వడ్డీ ఎంత. మూడు వరుసలు చాలు. ఐదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు పదివేలు వడ్డీయే. మూడేళ్లలో 3 లక్షల 60 వేలు కట్టాక కూడా అసలు ఐదు లక్షలు అలాగే ఉంటుంది. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. చాలామంది నాన్నలు దీన్ని "రెండు రూపాయలే కదా" అంటారు. ఏడాది లెక్క రాసి చూపించండి.

అన్నింటికంటే ఖర్చు పెంచేది పిలుపుల సంఖ్య. ప్లేటు 600 అనుకుంటే వెయ్యిమందికి 6 లక్షలు, 150 మందికి 90 వేలు. హాలు సైజు, డెకరేషన్, పార్కింగ్, రిటర్న్ గిఫ్టులు అన్నీ ఆ సంఖ్యను బట్టే పెరుగుతాయి. పువ్వుల దగ్గర బేరమాడే ముందు సంఖ్య తగ్గించండి.

4. అమ్మానాన్నలతో మాట్లాడండి

పని చెడినా బాగుపడినా ఇక్కడే. "నా పెళ్లి, నా ఇష్టం" అని మొదలుపెడితే ఆ రోజుకు మాటలు అయిపోయినట్టే. వాళ్లు ఆ మాటలో వినేది "మీకు ఇందులో చోటు లేదు" అని.

వాళ్ల భయం ఏమిటో ముందు వినండి. చాలా ఇళ్లలో అది ఆడంబరం మీద మోజు కాదు. తమ్ముడి కూతురి పెళ్లి ఘనంగా జరిగింది, మనది తక్కువైతే "వీళ్ల దగ్గర లేదు" అంటారని నాన్న బాధ. "పిల్లకు ఏదో లోపం ఉంది, అందుకే చప్పుడు లేకుండా చేశారు" అంటారని అమ్మ బాధ. రెండోది మరీ గట్టి భయం, ఆడపిల్లల తల్లులను అడిగితే తెలుస్తుంది. దాన్ని కొట్టిపారేయకండి.

ఇలా అడిగి చూడండి: "నాన్నా, అందరి సంగతి వదిలేయండి. ఎవరు ఏమంటే మీకు కష్టంగా ఉంటుంది?" పేరు చెప్పేవరకు ఆగండి. చెప్పాక, "ఆయనకు నేనే ఫోన్ చేసి చెబుతాను. మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేకుండా చూస్తాను" అనండి. అన్నమాట ప్రకారం చేయండి కూడా. తల్లిదండ్రులకు కావలసింది మీ వాదన కంటే, పదిమందిలో అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట. ఆ మాట మీరే ఇవ్వండి: "పిల్లలిద్దరూ కలిసి ఇలా అనుకున్నారు, మాకూ నచ్చింది." ఇంతకు మించి వివరణ అవసరం లేదు.

ఒక్క పూటలో తేలదు. మొదటిరోజు కోపం, రెండోరోజు మౌనం, తర్వాత మీ మేనమామకో పెద్దమ్మకో ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్ వెళ్లే మనిషితో మీరు ముందే మాట్లాడి ఉంటే మంచిది.

వాళ్ల కోరిక ఒక్కటి అడిగి తీసుకోండి. అమ్మకు పెళ్లికూతుర్ని చేసే తంతు పద్ధతిగా జరగాలని ఉండొచ్చు. నాన్నకు ఊళ్లో పెద్దలకు బట్టలు పెట్టాలని ఉండొచ్చు. ఒక్కటి మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. అలా ఒప్పుకుంటే మీ ఇష్టం ఏమీ తగ్గిపోదు.

5. చదివింపుల పుస్తకం తీయండి

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, అసలు చిక్కు చాలాసార్లు ఇదే. మీ అమ్మానాన్నలు ఇన్నేళ్లుగా ఎన్నో పెళ్లిళ్లకు వెళ్లారు. 116 నుంచి 5,116 వరకు చదివించారు, భోజనం చేశారు. వాళ్ల లెక్కలో పెళ్లి భోజనం తిరిగి పెట్టాల్సిన బాకీ. "వాళ్లింట్లో తిన్నాం, మనం పిలవకపోతే ఎలా?" అనే మాటలో న్యాయం ఉంది. దాన్ని జనం పిచ్చి కింద జమకట్టకండి.

తీర్చుకోవడానికి దారులున్నాయి:

- పెళ్లి 100 మందితో చేసుకుని, తర్వాత ఒక ఆదివారం ఊళ్లోనే ఇంటి ముందు పందిరి వేసి మామూలు భోజనం పెట్టండి. పప్పు, పులిహోర, రెండు కూరలు, పెరుగు, ఒక స్వీటు. హాలు లేదు, స్టేజీ లేదు, శుభలేఖ లేదు.
- సత్యనారాయణ వ్రతం ఎలాగూ చేసుకుంటారు. ఆ రోజు భోజనాలకే పిలవండి.
- బాగా ముఖ్యమైన ఇళ్లకు కొత్త దంపతులు ఇద్దరూ స్వీటు పట్టుకుని వెళ్లి కాళ్లకు దండం పెట్టి రండి. వెయ్యిమంది భోజనాల గందరగోళంలో పలకరించలేని పెద్దవాళ్లతో అరగంట కూర్చుంటారు. దీన్ని మించిన మర్యాద నాకు తెలియదు.

6. పద్ధతి ఎంచుకోండి

*రిజిస్టర్ పెళ్లి.* స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 కింద, ఏ మతం వాళ్లయినా చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. మ్యారేజ్ ఆఫీసర్‌కు, అంటే మన దగ్గర సాధారణంగా సబ్ రిజిస్ట్రార్‌కు, నోటీసు ఇవ్వాలి. 30 రోజుల అభ్యంతరాల గడువు గడిచాక ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో చేసుకోకపోతే మళ్లీ మొదటి నుంచి రావాలి. తల్లిదండ్రుల సంతకం చట్టం అడగదు. జాగ్రత్త: నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. ఇంట్లో తెలియకూడదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. విదేశాల నుంచి పది రోజుల సెలవు మీద వచ్చేవాళ్లు తేదీల గురించి ఆఫీసులో ముందే మాట్లాడుకోకపోతే కుదరదు.

*గుడిలో పెళ్లి.* అన్నవరం, యాదగిరిగుట్ట లాంటి చోట్ల ఏటా ఎన్నో పెళ్లిళ్లు జరుగుతాయి. తిరుమలలో పాపవినాశనం దారిలో ఉన్న టీటీడీ కల్యాణ వేదికలో పురోహితుణ్ని, మంగళవాద్యాన్ని ఉచితంగా ఇస్తారు. అయితే తల్లిదండ్రులు రావాలి. ప్రేమ పెళ్లిళ్లకు, రెండో పెళ్లిళ్లకు అక్కడ వీలుండదు. బయలుదేరే ముందు నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి.

*ఇంటి దగ్గర పందిరి.* నాకు అన్నింటికంటే నచ్చేది ఇదే. తాటాకు పందిరి, మామిడి తోరణాలు, మంగళసూత్రం, తలంబ్రాలు. సంప్రదాయం ఒక్కటీ తగ్గదు, హాలు అద్దె మాత్రం ఉండదు.

*నికాహ్, చర్చి పెళ్లి* వాటంతట అవి ఖరీదైనవి కావు. ఖర్చు పెరిగేది వలీమాలో (నికాహ్ తర్వాత ఇచ్చే విందులో), రిసెప్షన్‌లో. సంఖ్య తగ్గించాల్సింది అక్కడ.

ఏ పద్ధతిలో చేసుకున్నా రిజిస్ట్రేషన్ మరిచిపోకండి. డిపెండెంట్ వీసాకు ఆ సర్టిఫికెట్ అడుగుతారు. ఇంకొక తప్పు కూడా జరుగుతోంది: హిందూ వివాహ చట్టం కింద, పెళ్లి తంతు ఏదీ లేకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకోవడం. తంతు జరగకపోతే ఆ కాగితం ఒక్కదానితో అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు వద్దనుకుంటే 1954 చట్టం దారినే వెళ్లండి.

7. అబ్బాయిలకు విడిగా ఒక మాట

"మాకు కట్నం వద్దు, పెళ్లి మాత్రం ఘనంగా చేయండి" అని మీ ఇంట్లో అంటే, అది కూడా అడగడమే. మీ వైపు 500 మంది భోజనం ఖర్చు అమ్మాయి తండ్రి నెత్తిన పడుతుంది. దాన్ని మీరే ఆపాలి, అమ్మాయి వల్ల కాదు. ఖర్చు సగం సగం అని నిశ్చితార్థం ముందే పెద్దల మధ్య మాట పెట్టించండి. కట్నం సంగతి అయితే, 1961 నాటి చట్టం ప్రకారం ఇచ్చినా, పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ల జైలు. అడగడం కూడా నేరమే. ఆడపడుచు కట్నం, లాంఛనాలు అని పేరు మార్చినా భారం మారదు.

8. పిలవనివాళ్లకు పెళ్లికి ముందే చెప్పండి

వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో చూసి తెలుసుకుంటే ఎవరికైనా బాధే. ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. "మావయ్యా, ఫలానా తేదీన పెళ్లి. ఇంట్లోవాళ్ల వరకే పెట్టుకున్నాం. తర్వాత మేమిద్దరం వచ్చి మీ ఆశీర్వాదం తీసుకుంటాం." అంతే. "డబ్బులు సరిపోక" అనో "ఈరోజుల్లో అంత ఖర్చు దండగ కదా" అనో కలపకండి. మొదటిది జాలి తెస్తుంది. రెండోది, నిరుడే కూతురి పెళ్లి ఘనంగా చేసిన ఆయనకు తగులుతుంది.

ఎవరైనా గట్టిగా అడిగితే అదే వాక్యం మళ్లీ చెప్పండి. కొత్త కారణం చెప్పిన ప్రతిసారీ కొత్త వాదన మొదలవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

"ఒక్క సంగీతే కదా", "ఒక్క హల్దీయే కదా" అంటూ చివరి నెలలో ఒక్కొక్కటీ చేర్చడం. 100 మంది పెళ్లి 600 అయ్యేది ఇలాగే. చేర్చాలంటే, రాసుకున్న ఆరింటిలో ఏదో ఒకటి తీసేయాలని నియమం పెట్టుకోండి.

మిగిలిన డబ్బుతో ఎవరికీ తీసిపోకూడదని బంగారం కొనడం. అద్దె ఇంటికి అడ్వాన్సో, ఆరు నెలల ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిటో అయితే మీకు పనికొస్తుంది.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వాదించడం. అక్కడ ఎవరూ మనసు మార్చుకోరు.

ఇక అన్నింటికంటే కనిపెట్టడం కష్టమైనది ఒకటుంది. సింపుల్ పెళ్లి కూడా మెప్పు కోసం చేసుకోవడం. "ఎంత ఆదర్శంగా చేసుకున్నారో" అని వెయ్యి లైకుల కోసం చేసుకుంటే, చూసేవాళ్లు మారారే తప్ప బతుకు మళ్లీ వాళ్ల చేతిలోనే ఉంది. అదే, డబ్బు ఉండి, ఇద్దరికీ ఇష్టమై, ఊరంతా పిలుచుకుని పెద్దగా చేసుకుంటే అది మీ కోసం చేసుకున్న పెళ్లే. ఎవరూ తప్పు పట్టక్కర్లేదు.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

పెళ్లికి ముందురోజు రాత్రి: రాసుకున్న ఆరూ ఉన్నాయా? రేపటి గురించి మీ టెన్షన్ "ఎవరైనా ఏమైనా అంటారేమో" అనా, లేక "అమ్మమ్మకు కుర్చీ వేశారా" అనా? రెండోదైతే దారిలోనే ఉన్నారు.

నెల తర్వాత: పెళ్లి పేరు మీద ఇంట్లో ఎవరికైనా అప్పు ఉందా? మీకు తెలియకుండా నాన్న తెచ్చి ఉండొచ్చు, నేరుగా అడగండి. ఉంటే మీరిద్దరూ మీ జీతాల్లోంచి తీర్చండి. మ్యారేజ్ సర్టిఫికెట్ చేతికి వచ్చిందా, పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో, పాస్‌పోర్ట్‌తో కలుస్తోందా?

మూడు నెలల తర్వాత: వస్తామని ఫోన్‌లో చెప్పిన ఇళ్లన్నింటికీ వెళ్లారా? వెళ్లకపోతే ఆ మాట మాత్రం జనం తప్పక అంటారు, అందులో న్యాయం కూడా ఉంటుంది.

మీ అమ్మానాన్నలను కూడా గమనించండి. బంధువుల పెళ్లిళ్లకు, ఊళ్లో శుభకార్యాలకు మునుపటిలాగే వెళ్తున్నారా? ఏదో ఒక కారణం చెప్పి మానేస్తున్నారంటే ఎవరో ఏదో అని ఉంటారు, మీకు చెప్పడం లేదు. తర్వాత వచ్చే పిలుపుకు సెలవు పెట్టుకుని మీరిద్దరూ వాళ్ల వెంట వెళ్లండి. అడిగిన వాళ్లకు మీరే జవాబు చెప్పండి.